కాజిమిర్ గారి స్టాప్‌వాచ్

కాజిమిర్ ప్రుచ్నిక్ గారికి న్యూయార్క్ నగరం మీద అనుమానం. మామూలు అనుమానం కాదు, స్టాప్‌వాచ్ పెట్టి కొలిచే అనుమానం. అక్కణ్ణుంచి దేశమంతటికీ వినిపించే క్రీడల రేడియో కార్యక్రమం మా బఫలో ఊరి గురించి ఎన్ని సెకన్లు మాట్లాడిందో ఆయన రోజూ కొలిచేవారు. కొలిచి, మా ఊరి రేడియోకి ఫోన్ చేసేవారు. ఆ ఫోన్ ఎత్తే ఖర్మ నాది.

"రాసుకో, లోరెట్టా. ఇవాళ మనకి నలభై సెకన్లు."

"ఫర్వాలేదే, కాజ్ గారూ!"

"అందులో ముప్ఫై ఒకటి మంచు గురించి. మిగతా తొమ్మిదిలో ఆ న్యూయార్క్ వాడు మన ఐస్ హాకీ గోల్‌కీపర్ పేరు తప్పు పలికాడు. కావాలనే."

"నోరు తిరగలేదేమో."

"రష్యా వాళ్ళ పేర్లకి తిరుగుతుంది, మనవాడి పేరుకి తిరగదా?"

మన బఫలో కూడా న్యూయార్క్ రాష్ట్రంలోదే కదా అని ఓసారి నోరు జారాను. "అలా గీత గీసిందెవరో ఎప్పుడైనా ఆలోచించావా?" అన్నారు. బేకరీలో డోనట్ సైజు తగ్గినా ఆయన లెక్కలో అది వాళ్ళ పనే.

మా మధ్యాహ్నం కార్యక్రమం నడిపేది డ్వేన్. హాకీ గురించి గంటన్నర వాదించి, చివర్లో బడిపిల్లల ఆటల ఫలితాలు పేరుపేరునా చదివేవాడు. ఫిబ్రవరిలో మేనేజర్ వచ్చి బాంబు పేల్చాడు.

"ఫోన్లే రావడం లేదు. నెలాఖరు శుక్రవారం స్వయంగా వచ్చి చూస్తా. అప్పటికీ లైన్లు ఖాళీగా ఉంటే, సోమవారం నుంచి ఈ టైములో న్యూయార్క్ కార్యక్రమమే."

అంటే డ్వేన్ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ హుళక్కి. ఏడుపు ఆపుకోలేక ఆ సంగతి కాజ్ గారికి చెప్పేశాను. చిత్రం, ఆయన ఒక్క తిట్టూ తిట్టకుండా ఫోన్ పెట్టేశారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మర్నాటి నుంచి కొత్తవాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. "చాలాకాలంగా వింటున్నాను, మొదటిసారి ఫోన్ చేస్తున్నాను" అనడం మా దగ్గర కొత్తవాళ్ళ మర్యాద. పక్క ఊరు లాకవానా నుంచి బొంగురు గొంతుతో ఎడ్ అనే ఆయన ఆ మాటే అన్నాడు. ఒక పాస్టర్ గారు అన్నారు. చీక్టొవాగా నుంచి హెలెన్ అనే ఆవిడ సన్నటి గొంతుతో అని, హాకీలో కొట్లాటలు నిషేధించాలని కూడా అంది. బఫలోలో ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలి!

కానీ ఎవరు మాట్లాడినా మొదట ఒక 'టిక్', చివర ఒక 'టిక్'.

గురువారం హెలెన్ మళ్ళీ చేసింది.

"ఆ స్టాప్‌వాచ్ కింద పెట్టండి, కాజ్ గారూ."

"కాజ్ ఎవరమ్మా?" అంది సన్నటి గొంతు. తర్వాత అసలు గొంతు: "ఎవరికైనా చెప్పావా?"

"లేదు. ఎందుకండీ ఈ వేషాలు?"

"మా పక్కింటి వాండా మనవరాలు మొన్న బడి టెన్‌పిన్ బౌలింగ్‌లో గెలిచింది. డ్వేన్ దాని పేరు చదివితే వీధి వీధంతా విన్నాం. ఆ న్యూయార్క్ వాడు చదువుతాడా?" గొంతు తగ్గించారు. "పైగా ఇన్నేళ్ళుగా నా ఫోన్ విసుక్కోకుండా ఎత్తింది నువ్వొక్కదానివే."

విసుక్కున్నాను, చాలాసార్లే. ఆ క్షణాన సిగ్గేసింది.

"రేపటికి నా దగ్గర ఒక్క కొత్త గొంతే మిగిలింది, లోరెట్టా," అన్నారు దిగులుగా.

శుక్రవారం మేనేజర్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఫోన్ మోగింది.

"చాలాకాలంగా వింటున్నాను, మొదటిసారి ఫోన్ చేస్తున్నాను."

"గొంతు బాగా కుదిరింది, కాజ్ గారూ," అన్నాను గుసగుసగా.

"కాజ్ ఎవడు? నా పేరు బర్నీస్. కొట్లాటలు ఆపమన్న ఆ హెలెన్ ఎవతె? హాకీ అంటే టీ పార్టీ అనుకుందా? ఇవ్వు లైను!"

టిక్ వినపడలేదు. రెండో లైను వెలిగింది, మూడోది, ఆరూ వెలిగాయి. ఊరు ఊరంతా హెలెన్ మీద దండెత్తింది. మేనేజర్ కాసేపు చూసి, "సోమవారం కూడా డ్వేనే," అని వెళ్ళిపోయాడు.

కార్యక్రమం అయిపోయాక కాజ్ గారి లైను కలిసింది. ఆయన ఊగిపోతున్నారు.

"గంటా నలభై నిమిషాలు! అంతసేపూ లైను దొరకలేదు. ఎవరో ఆరు లైన్లూ పట్టేసి నన్ను అడ్డుకున్నారు. చూశావా లోరెట్టా, న్యూయార్క్ వాళ్ళు ఎంతకి తెగించారో!"

టిక్.