మహా వైద్యుడి కుర్చీ

ఏ పాత సామానైనా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పకుండా అమ్మలేకపోవడం ఆయన జబ్బు. అందుకే ఊరంతా ఆయన్ని వంశావళి అనేది. నేను తిరిగిన ఊళ్ళలో అబద్ధాలాడే వర్తకుల్ని చాలామందిని చూశాను. వాళ్ళు సరుకు గట్టిదని బొంకుతారు. ఈయన మాత్రం కుర్చీ కాలు విరిగిందని తనే చూపించి, విరగ్గొట్టిన సేనాధిపతి ఎవరో చెప్పేవాడు.

ఆయన పాత సామాన్ల కొట్టు మీది గదిలో రెండేళ్ళు అద్దెకున్నాను. ఆ రెండేళ్ళలో ఒకే జడ్జిగారు కూర్చున్న కుర్చీలు పదకొండు అమ్ముడుపోయాయి. అదెలాగని నిలదీస్తే, తడుముకోకుండా, "తీర్పుకో కుర్చీ మార్చేవారండి," అన్నాడు.

కొనేవాళ్ళు అంతకంటే ఘనులు. వానలో తడిసొచ్చిన మనిషిని గుమ్మం బయటే నిలబెట్టేవాళ్ళు, లేని జడ్జి కూర్చున్న కుర్చీని హాలు నడిమధ్య వేసుకుని, కన్నపిల్లల్ని కూడా దానిమీద ఎక్కనిచ్చేవారు కాదు.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి కాంపౌండరు భార్య, చేతులున్న కుర్చీ ఒకటి మోయించుకొచ్చింది. భర్త పోయి నెల. మారబోయే గదిలో దానికి చోటు లేదు. కట్టెల కొట్టువాడు అప్పుడే అడిగిపోయాడట.

"పొయ్యిలోకి మాత్రం పోనివ్వకండి అన్నయ్యగారూ," అంది. "ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి పెద్ద డాక్టరు మా ఆయన్ని నిలబెట్టే పని చేయించాడు. స్టూలు అడిగితే, నువ్వు కూర్చుంటే నన్నెవరు లెక్కచేస్తారన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి తీరిగ్గా కూర్చున్నది ఇందులోనే."

వంశావళి నోట ఏ కథా రాలేదు. కుర్చీ తుడిచి, అడిగినవాళ్ళందరికీ లేదని చెప్పి, పెద్ద డాక్టరుకే కబురు పంపాడు.

డాక్టరు వచ్చి, ఎవరిదన్నాడు.

"మహా వైద్యుడిదండి. రోగులు ఆయన చెయ్యి పడితేగాని కుదుటపడేవారు కాదు."

"నాకంటే పెద్దవాడా?"

"తమరు కూడా ఆయన చేతి మందు పుచ్చుకునే ఉంటారు."

"అయితే నా చిన్నప్పుడై ఉంటుంది," అని డాక్టరు బేరమాడకుండా పట్టుకుపోయాడు.

ఈసారి కథలోకి జడ్జిగారిని ఎందుకు పిలవలేదని అడిగాను.

"అబద్ధం అవసరపడలేదండి."

"మరి ఆ పదకొండు?"

"అవీ ఇలాంటివాళ్ళవే. ఉత్త కుర్చీ అంటే కట్టెల్లోకి పోతుంది."

ఆ తర్వాత మోకాళ్ళు పట్టేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుమ్మం దగ్గర కొత్త కాంపౌండరు నిలబడే ఉన్నాడు. డాక్టరు కుర్చీ చేతులు నిమురుతూ, ఇది ఎవరిదో తెలుసా అన్నాడు. తెలుసన్నాను. బల్ల పట్టుకుని, పళ్ళు బిగించి, లేచి నిలబడి రెండు చేతులూ జోడించాను.

"పర్లేదు, కూర్చోండి కూర్చోండి," అన్నాడు డాక్టరు, తనకే అనుకుని.