సగం మేస్త్రి ఆటపెట్టె

మా తమ్ముణ్ణి వీధి వీధంతా సగం మేస్త్రి అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, అందులో దాపరికం లేదు. ముప్పై రెండేళ్లు లిఫ్టులు బాగుచేశాడు. ఆ పనిలో వాణ్ణి వేలెత్తి చూపినవాడు లేడు. ఇంట్లో ఏది మొదలుపెట్టినా మాత్రం సగంలోనే. మూడు కాళ్లతో ఆగిపోయిన కుర్చీ ఒకటి, తలుపుల్లేని చెప్పుల అల్మరా ఒకటి.

రిటైరయ్యాక వీడియో గేముల పెట్టె చేస్తానన్నాడు. దుకాణాల్లో బిళ్ల వేసి నిలబడి ఆడేవారే, అలాంటిది. కుర్రతనంలో వీణ్ణి అక్కణ్ణుంచి చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చిందీ నేనే. నిలువెత్తు పెట్టె చేశాడు, లోపల పాత టీవీ పెట్టాడు, ఆగాడు. ఆరు నెలలుగా అది మరదలి బీరువా ఉండాల్సిన చోట నోరు తెరుచుకుని నిలబడింది.

చివరికి మరదలు తేల్చి చెప్పింది. "ఏమండీ, ఆదివారం సాయంత్రానికి అది ఆడాలి. లేకపోతే పాత సామాన్లవాడు ఎత్తుకుపోతాడు. ఆ తర్వాత ఈ ఇంట్లో రంపం చప్పుడు వినపడకూడదు."

"మిగిలింది చేతులు పెట్టే పలకేనే! ఆట నడిపే కర్ర ఒకటి, ఆరు బటన్లు. నేను బటన్లు బిగించనివాణ్ణా?"

"బిగించారు, ఊళ్లోవాళ్ల మేడల్లో."

ముందు అట్టముక్క మీద చేతులు ఆనించి వేళ్లెక్కడ పడతాయో చూసుకున్నాడు. కర్ర ఎడమచేతికి, బటన్లు కుడిచేతికి. చెక్కకు నున్నటి నల్ల షీటు అతికించాడు. దానిమీద గీత పడకూడదని చెక్క తిరగేసి, వెనకవైపు గుర్తులు పెట్టి బెజ్జాలు వేశాడు. లిఫ్టు పనిలో అదే అలవాటు. అక్కడ బటన్లు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటాయి. ముందునుంచి కొలిచినా వెనకనుంచి కొలిచినా ఒకటే.

ఆదివారం మధ్యాహ్నం పలక బిగించి ముందుకొచ్చి నిలబడ్డాడు. మొహం వెలవెలబోయింది. వెనక పెట్టిన గుర్తులు ముందుకు తిరిగేసరికి కర్ర కుడివైపుకు, బటన్లు ఎడమవైపుకు పోయాయి.

"పెట్టెకు చెప్పులు తారుమారుగా తొడిగావేంట్రా?" అన్నాను.

"నవ్వకక్కా. నా చేతులకిది రాదు."

ఆడి చూశాడు. తెరమీది విమానం మూడుసార్లు కొండకు గుద్దుకుంది. పలక తిరగేద్దామంటే షీటు కిందికి పోతుంది, వాలుగా కోసిన అంచు పెట్టెలో పట్టదు. ఇంకో చెక్క తెచ్చే వేళ లేదు. స్క్రూడ్రైవరు డబ్బాలో పడేసి కూలబడ్డాడు. "పిలువు ఆ పాత సామాన్లవాణ్ణి," అన్నాడు పెళ్లాంతో.

మరదలు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. పోయే వస్తువే కదా అని కుడిచేత్తో కర్ర పట్టుకుంది. "బాగానే ఉందిగా?"

"ఎడమచేత్తో తిప్పాలే అది!"

"గరిటె ఎడమచేత్తో తిప్పుతారా ఎవరైనా?"

ఎన్నేళ్లుగానో అడుగంటకుండా తిప్పిన చెయ్యి అది. విమానం కొండల సందుల్లోంచి చేపపిల్లలా జారిపోయింది. అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. సాయంత్రం పాత సామాన్లవాడు గుమ్మంలో కేకేశాడు.

"మా ఇంట్లో పాతవేం లేవు, వెళ్లు బాబూ!" అంది తల తిప్పకుండానే. "ఏమండీ, పొయ్యిమీద మాడుతున్నట్టుంది, కాస్త కలపండి."

తమ్ముడు వెళ్లి కలిపాడు, కుడిచేత్తోనే.

నేను పెట్టె వెనక్కి వెళ్లి చూశాను. తలుపు లేదు, తీగలు బయటికే వేలాడుతున్నాయి. పెట్టిన పేరు అలాగే ఉంచాను.