పొయ్యి లేని యుద్ధం

తెల్లవారినా మంచు విడవలేదు. కోరుట్ల అవతల, మేం సగం పంట పాలుకు చేసే చేనులో పసుపు ఉడకబెడుతున్నాం. కడాయిలోంచి ఒక కొమ్ము తీసి పుల్లతో గుచ్చి చూస్తుండగా ఫోన్ మోగింది. పెద్దమ్మ కూతురు, మా అక్క.

"అమ్మ పోయింది."

"ఎప్పుడు?"

"పొద్దుగాల. చాయ్ తాగి మల్ల ఒరిగింది. గంతే."

ఉడికిన పసుపును వదిలి పోలేం. దించి, ఆరబోసి, చందుర్తి వైపున్న మా ఊరికి బస్సెక్కాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మా వాడలో ఎవరికీ భూమి లేదు. పొలం పని ఉంటే పొలానికి, లేకుంటే బీడీలు. వాళ్ళింట్లో టీవీ లేదు కాబట్టి మధ్యాహ్నం బీడీల చాట పట్టుకొని మా ఇంటికి వచ్చేది. రాత్రి వచ్చిన రాజుల సీరియల్‌ను ఆ వేళకు మళ్ళీ వేసేవారు. చేతులు ఆకు చుట్టి దారం కడుతుంటే కళ్ళు టీవీ మీద ఉండేవి.

ఆమె రాజును చూసేది కాదు. సింహాసనం వెనక వింజామర పట్టుకున్న మనిషిని చూసేది. "గాయన పొద్దటిసంది నిలబడ్డడు. కాళ్ళు గుంజవా?" అనేది. రాణి కోపంతో పళ్ళెం విసిరితే, దాన్ని ఎవరు ఎత్తుతారా అని కనిపెట్టుకొని ఉండేది. ఎవరూ ఎత్తకముందే ప్రకటనలు వచ్చేవి.

"వదినె, కథ ముందట నడుస్తుంటె నీ చూపు ఎన్కకెందుకు పోతది?" అని మా బాపు ఎగతాళి చేసేవాడు.

"ముందటోన్ని ఊరంత జూస్తది మరిది. ఎన్కటోన్ని ఎవలు జూడాలె?"

యుద్ధాలు వస్తే ఆమెకు నచ్చేది కాదు. ఏనుగులు, గుర్రాలు, వేలమంది మనుషులు నెలల తరబడి నడిచి వచ్చినట్టు చూపేవారు. "ఏం తిన్నరు? ఎవలు వండిండ్రు? పొయ్యి లేని యుద్ధం అబద్ధం" అనేది. ఒకసారి డేరాల పక్కన పొయ్యి కనబడింది. "గిదిగో వదినె, నీ పొయ్యి," అన్నాడు బాపు. పెద్దమ్మ తలెత్తి చూసి మళ్ళీ దారం కట్టుకుంది. "పొయ్యి వెట్టిండ్రు, పొగ మరిచిండ్రు. వీళ్ళు ఎన్నడు ఊదినోళ్ళు గారు."

తెలంగాణ కోసం సమ్మెలు నడుస్తున్న రోజుల్లో మా ఊరి వాళ్ళు కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే వండి, ఊరంతా అక్కడే కూర్చుని తినడం. ముందురోజు బడి దగ్గర పనులు పంచారు. మా వాడ ఆడవాళ్ళకు కట్టెలు, నీళ్ళు, బోళ్ళు తోముడు వచ్చాయి. వంటకు వేరే మనుషులు. "అందరు తినాలె గద," అన్నాడు పటేల్. ఒకప్పుడు ఊరి భూమిలో సగం వాళ్ళదే. పెద్దమ్మ ఆయన పొలంలోనే నాట్లు వేసేది. ఇంటికి నడుస్తూ పెద్దమ్మ అంది: "సీరియల్ల ఎన్కనే. రోడ్డు మీద గూడ ఎన్కనేనా?"

మరునాడు కట్టెలు తెచ్చి ఇచ్చింది, నీళ్ళు మోసింది. తర్వాత ఇంటికి పోయి కుండ, బియ్యం తెచ్చి, పెద్ద గుండిగల పక్కనే మూడు రాళ్ళు పెట్టి అన్నం వండింది. పచ్చిపులుసు చేసింది. నినాదాల మధ్య ఆమెను ఎవరూ ఆపలేదు. జగిత్యాల నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు ఆమె దగ్గర తిన్నారు. ఊరివాళ్ళు గుండిగల దగ్గర కూర్చున్నారు. పటేల్ అటుగా వచ్చినప్పుడు పెద్దమ్మ ఇస్తారాకు చాపింది.

"ఇయ్యాల శనివారం. ఒక్కపొద్దు ఉన్న," అన్నాడాయన.

"గట్లనా. ఒక్కపొద్దు ఇడిసినంక రాండ్రి పటేలా. పొయ్యి ఏడికి పోదు."

సగం అన్నం మిగిలింది. ఇంటికి తెస్తే మేమే తిన్నాం. "బియ్యం మంచియి," అంది పెద్దమ్మ. మర్నాడు చాట పట్టుకొని సీరియల్‌కు వచ్చింది.

రాష్ట్రం వచ్చింది. అక్క పెళ్ళికి, తర్వాత మనుమడికి పేరు పెట్టిన నాడు, పెద్దమ్మ పటేల్ ఇంటికి స్వయంగా పోయి చెప్పి వచ్చింది. రెండుసార్లూ ఆయన వచ్చాడు. అక్షింతలు వేసి పోయాడు. తినలేదు. ఆయన పోయేదాకా పెద్దమ్మ ఒక ఆకు పక్కకు పెట్టి ఉంచింది.

ఇప్పటికీ నేను ఏ సభకు పోయినా ముందుగా వెనక ఎవరు నిలబడ్డారో చూస్తాను. అది ఆమె నేర్పిందే.

పెద్దమ్మ పోయిన మూడో రోజు, ఆమె పేర ముద్ద తీసి పిట్టకు పెట్టాం. వాకిట్లో మూడు రాళ్ళ మీద అక్కే వండింది. చుట్టాలు బంతికి కూర్చుంటుండగా పటేల్ కర్ర పట్టుకొని వచ్చాడు. ముసలివాడయ్యాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అందరి వెనక, గోడ పక్కన నిలబడ్డాడు. అక్క కాసేపు చూసి, ఒక ఆకు తీసుకొని ఆయన దగ్గరికి పోయింది.

"పటేలా, ఇయ్యాల శనివారం గాదు."

ఆయన కర్రను గోడకు ఆనించి, బంతి చివర కింద కూర్చున్నాడు. తిన్నాడు. పచ్చిపులుసు మళ్ళీ పోయించుకున్నాడు. పొయ్యిలో కట్టెలు ఇంకా పొగ కక్కుతున్నాయి.

పటేల్ తన ఆకు తానే ఎత్తి, మధ్యాహ్నం దాటాక ఇంటికి పోయాడు. నేను సాయంత్రం బస్సుకు కోరుట్ల వచ్చాను.