ఆమెన్ అన్నాకే తిరిగిన మోటారు

సుందర్ రాజ్ ప్రార్థన మొదలుపెడితే ఎదురుగా ఉన్న కాఫీ చల్లారి నీళ్లయ్యేది. తినే ముందు, కారు తీసే ముందు, ఆఖరికి స్క్రూడ్రైవర్ పట్టే ముందు కూడా కళ్లు మూసుకునేవాడు. ఎనభై మూడులో, అమెరికాలోని నోవై ఊళ్లో భీమశంకర్ పెట్టిన చిన్న మోటార్ల కంపెనీలో మావి పక్కపక్క బల్లలు. కంపెనీ టైములో ప్రార్థనలు కుదరవని భీమశంకర్ రోజూ గదమాయించేవాడు. దేవుడితో ఆయనకేం తగువో మాకు తెలియదు.

మోటారులో అయస్కాంతం ఎక్కడుందో చెప్పడానికి సెన్సర్ ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని దాన్ని పీకేయమన్నాడు భీమశంకర్. తిరిగే అయస్కాంతం కాయిల్స్‌లో కాస్త వోల్టేజీ పుట్టిస్తుంది. దాన్ని బట్టి అదెక్కడుందో, ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కకట్టాం. చిక్కల్లా ఆగి ఉన్నప్పుడే. కదలని మోటారు ఏమీ చెప్పదు. అందుకని మొదటి స్విచ్‌తో ఒక కాయిల్‌కి కరెంటిచ్చి అయస్కాంతాన్ని మాకు తెలిసిన చోటికి లాగి, రెండో స్విచ్‌తో తిప్పేవాళ్లం.

మా మోటార్లు కొనాలనుకున్న కంపెనీ పెద్ద ఫ్యాన్ రెక్కలు పంపింది. అవి బిగించాక మోటారు సగం సార్లు వెనక్కి తిరిగేది. స్విచ్ వేశాక ఎవడాగుతాడు, రెండు స్విచ్‌లూ వెంటవెంటనే నొక్కమని భీమశంకర్ నెత్తిన కూర్చునేవాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కొనేవాళ్ల ముందు ఒక్కసారి వెనక్కి తిరిగినా సుందర్ రాజ్ ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఉద్యోగంతో పాటు వీసా కూడా. నాకు ఒళ్లు మండింది గానీ, నాదీ ఆ వీసాయే కాబట్టి తల వంచుకుని నా బల్ల మీద పని చూసుకున్నాను.

కొనేవాళ్ల తరఫున ఒక పెద్దమనిషి బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు. సుందర్ రాజ్ మొదటి స్విచ్ నొక్కి కళ్లు మూసుకున్నాడు. అది చూసి పెద్దమనిషి టోపీ తీసి తల వంచాడు. ఇక భీమశంకర్ ఏం చేస్తాడు? పళ్లు కొరుక్కుంటూ తనూ వంచాడు. రెక్కల్ని చూస్తున్నది నేనొక్కణ్నే. అవి ఉయ్యాలలా అటూ ఇటూ ఊగి, మెల్లగా నిలిచాయి. ఇన్నాళ్లూ రెక్కలు ఇంకా ఊగుతుండగానే మేం తిప్పేస్తున్నామని, అందుకే వెనక్కి తిరుగుతున్నాయని అప్పుడర్థమైంది.

ఆమెన్ అని రెండో స్విచ్ నొక్కాడు. ఫ్యాన్ ముందుకే తిరిగింది. పెద్దమనిషి మళ్లీ మళ్లీ వేయించాడు. సుందర్ రాజ్ ప్రతిసారీ ప్రార్థించాడు, ఫ్యాన్ ప్రతిసారీ ముందుకే తిరిగింది. బేరం కుదిరింది. ప్రతి మోటారులోనూ అంతసేపు ఆగేలా సర్క్యూట్ మార్చమన్నాడు భీమశంకర్.

గట్టి ప్రార్థనే చేశావని సుందర్ రాజ్‌ని మెచ్చుకున్నాను. అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మోటార్ కోసం కాదు బ్రదర్. ఈయన దగ్గర్నుంచి తప్పించి, ఇంకో జాబ్ చూపించమని అడిగాను. అడిగిన ప్రతిసారీ ఇదే జాబ్ కన్ఫర్మ్ అయిపోయింది."