జీతం లేకుండా నన్ను చదివించిన పంతులుగారు

మా లెక్కల మాస్టారు వేంకటసుబ్బయ్య పంతులుగారు అస్తమించారన్న దుర్వార్తను మొన్న ఉదయం బందరు నుంచి వచ్చిన మిత్రుడు చెప్పాడు. అప్పుడు గుడివాడలో పిల్లలకు పాఠం చెబుతున్నాను. పాఠం అక్కడితో ఆపి బందరు రైలెక్కాను. వెళ్ళేసరికే దహనం అయిపోయింది.

పంతులుగారు మితభాషి. లెక్క తప్పినవాణ్ని కొట్టడం ఎరగరు. "తప్పు ఎక్కడ మొదలైందో చూపించరా, చాలు" అనేవారు. చూపించేదాకా పక్కనే నిలబడేవారు.

మాది దివిసీమలో కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబం. స్కూలు ఫైనలు ప్యాసయ్యాక నా చదువు అంతటితో సరి అనుకున్నాను. ఆ రోజుల్లో ఫీజును జీతమనేవాళ్ళం. ఒక దాత నెలకొల్పిన ధర్మనిధి ఏటా ఒకే ఒక్క విద్యార్థికి బి.ఏ. దాకా కాలేజీ జీతమంతా కట్టేది. ఆ విద్యార్థిని ఎంపిక చేసే భారం పంతులుగారిది. ఆ ఏడు అర్హులుగా మిగిలినవాళ్ళం నేనూ, పంతులుగారి ఏకైక పుత్రుడు సూర్యమూ. బడిపంతులు రాబడితో కొడుకును కాలేజీకి పంపడం ఆయనకు అసాధ్యమని ఊరంతటికీ తెలుసు.

మా ఊరికి పోదామని పులిగడ్డ రేవులో పడవ కోసం కూర్చుని ఉండగా పంతులుగారే వెతుక్కుంటూ వచ్చారు. "లే దాసూ, నీ పేరే రాశాను" అన్నారు. మరి సూర్యం సంగతేమిటండీ అని అడిగాను.

"వాడికి నేనున్నాను. నీకెవరున్నారు?"

సూర్యం బందరులోనే బియ్యపు మిల్లులో గుమాస్తాగా చేరాడు. కన్నకొడుకు గొంతు కోశాడని బంధువులు పంతులుగారిని నిందించారు. ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాటలు క్రమంగా సన్నగిల్లాయి. నేను బి.ఏ. ప్యాసై నమస్కరించబోతే, పంతులుగారు నన్ను లేవనెత్తి, సూర్యం ఉన్న గది వైపు చూసి కళ్ళు దించుకున్నారు. ఆ ముఖం నేను మరువలేను.

మొన్న శ్మశానం నుంచి తిరిగివచ్చిన సూర్యం అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"నాన్న నన్నొక్క మాట అడగలేదు దాసూ. అడిగుంటే నేనే నీకు వదిలేసేవాణ్ని" అన్నాడు.

ఈ మాట ఆయనకు ఎన్నడైనా చెప్పావా అని అడిగాను. లేదన్నట్టు తల ఊపాడు.

అంతటి త్యాగమూర్తి, అంతటి ధర్మనిష్ఠ గల గురువు నాకు మళ్ళీ దొరకరు. ఆ ఒక్క మాట చెప్పుకుందామంటే సూర్యానికి ఇక తండ్రి లేడు.