కంచె లోపలి గురుగాకు

ఇది మహా యుద్ధగాథ. ఇందులో కోట ఉంది, కోట చుట్టూ ముళ్ల కంచె ఉంది, బయట కోపంతో ఊగిపోతున్న వీరనారి ఉంది. సరే, ఎందుకొచ్చిన గొప్పలు. కోట అంటే అనంతపురంలో మా వీధి వెనకున్న ఒక సర్కారు ఆఫీసు. వీరనారి మా అవ్వ. యుద్ధం ఆకుకూర కోసం.

ఎనభైల నాటి మాట. వానొస్తే, అదీ వస్తే, ఆఫీసు పక్క బయలంతా గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు వాటంతట అవే లేచేవి. అవ్వ వెళ్లి దొరికినవన్నీ కలిపి కొంగులో తెచ్చేది. వేరు కదలకుండా చిగుళ్లు మాత్రం గిల్లేది, మళ్లీ రావాలి కదా. ఆ ఆకంతా చింతపండు, పచ్చిమిరపకాయలు వేసి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపితే పుల్లగూర. పళ్లన్నీ ఊడిన అవ్వకు సంగటిలోకి అది తప్ప మరేదీ దిగేది కాదు.

ఒక ఏడాది ఆ ఆఫీసుకు ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. పుట్టగానే చేసిన మొదటి పని బయలంతా చెక్కించడం. పచ్చగా ఉన్నదంతా పోయాక పచ్చదనం కోసం గుంతలు తీశారు. మొక్కలు నాటారు, కంచె కట్టారు, ఫోటో దిగారు. మా వీధి కుళాయిలో గాలి తప్ప ఏమీ రాని రోజుల్లో ఆ మొక్కలకు ట్యాంకరు వచ్చేది. మేము ఖాళీ బిందెలతో నిలబడి అవి నీళ్లు తాగడం చూసేవాళ్లం.

తాగి కూడా ఎండిపోయాయి. పాదుల్లోని తడికి మాత్రం గురుగాకు గుబురుగా లేచింది. అవ్వ కంచె దగ్గరికెళ్లి, బోర్డు మీద ఏముందో చదవమంది. చదివాను: ప్రకృతిని ప్రేమించండి. లోపలికి రాకూడదు.

"ప్రేమించేకి పోతాంటే రావద్దంటాడేమిరా?"

లోపల తోటమాలి ఆ ఆకును వేళ్లతో సహా పీకి కుప్ప వేస్తున్నాడు.

"ఏమప్పా, పీకింది పీకినావు, ఇట్లియ్యి," అంది అవ్వ.

"లేదవ్వా. సర్కారుది. గడ్డిపోచ కూడా బయటికి పోగూడదని సారు చెప్పినాడు."

"మరేం చేస్తావు?"

"కాలబెడతా."

నేను దేనికైనా నవ్వే రకాన్ని. దీనికీ నవ్వబోయాను, రాలేదు. ఇంతలో సారే బయటికొచ్చాడు.

"సామీ, మీ చెట్టు సచ్చి పుల్లయినాది," అంది అవ్వ. "పుల్లకు నీళ్లు పోసి, తినే ఆకును కాలబెడతారా?"

"అవి పిచ్చిమొక్కలమ్మా. అసలు మొక్కలకు అడ్డం."

"పిచ్చి యాడుండాదో నాకు కనపడతానే ఉండాది లే."

సారు లోపలికి వెళ్లిపోయాడు. పచ్చి ఆకు అంటుకోలేదు. కిరోసిన్ తెచ్చి పోశారు. మా ఇంటి స్టవ్వుకు దొరకని కిరోసిన్.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాన ఇవ్వనందుకు ఆకాశాన్ని ఎంత తిట్టినా దానికి చెవుల్లేవు. కానీ ఇంత కరువులోనూ ఎవరూ నాటకుండా, ఎవరినీ అడగకుండా వచ్చిన నాలుగాకులకు పిచ్చివని పేరు పెట్టి తగలబెట్టిన వాళ్లకు చెవులున్నాయి. జీతాలు కూడా ఉన్నాయి.

ఆ పూట అవ్వ సంగటిని మజ్జిగలో పిసికి తాగింది. ఆ బయలు వైపు మళ్లీ వెళ్లలేదు. మేము మార్కెట్లో పాలకూర కొనడం మొదలుపెట్టాం. పాలకూరను బాగా కడగాలి. ఇసుక ఉంటుంది.