చూసేవారు లేని గుట్టలు

ఉద్దానంలో జీడితోటలు ముగిసి సముద్రం కనిపించే చోట ఉన్న ఇసుకదిబ్బపై, మాజీ సైనికుడు షాలేమ్ రాజు రోజూ సాయంప్రార్థన ముగించుకొని, మోకాళ్లు కాస్త వంచి నిలబడతాడు. యౌవనంలో అతడు కాశ్మీరపు కొండవాలున, వరుసగా లేచిన మంచుగుట్టల మీదుగా, పాదాలకు కట్టుకున్న స్కీపలకలపై జారుతూ దిగే పోటీలలో పాల్గొన్నాడు. ఆ విద్యలో మోకాళ్లు కెరటాల్లా లేచి పడుతున్నా శిరస్సు దీపశిఖలా నిశ్చలంగా ఉండాలి. వాలు పొడవునా జనం ఈలలు వేసేవారు. ఏటేటా ఆ జనం పలచబడ్డారు. వారి మనసు గాలిలో గిరికీలు కొట్టే ఆటలపైకి మళ్లింది. ఒక్కసారి మళ్లీ అక్కడ దిగాలన్నదే అతని కోరిక. చూసేవారు లేరని ఆ గుట్టలను యంత్రంతో చదును చేసేశారని నేడు పాత మిత్రుడు ఫోనులో చెప్పాడు.

షాలేమ్ రాజు రెండు కొబ్బరిమట్టలను పాదాలకు కట్టుకున్నాడు. వెంట వచ్చిన భార్య కరుణమ్మ దిబ్బ కిందనుంచి అరిచింది: "ఏటి మావా, ఈ వయసులో జారుడాటా? కాళ్లిరిగితే మోసీది నానే గదా!"

"మోయక్కర్లేదే. సూడు, సాలు."

దిబ్బ వాలున గాలికి లేచిన ఇసుకగుట్టల్లో మొదటిది దాటాడు. మోకాళ్లు లేచి పడ్డాయి, శిరస్సు చలించలేదు. రెండో గుట్టపై మట్ట అడ్డం తిరిగి బోర్లా పడ్డాడు. కరుణమ్మ పరుగున వచ్చి, దెబ్బ తగల్లేదని చూసుకొని, పకపకా నవ్వింది.

"పడితే పడ్డావు గానీ, బలే దిగినావు. ఇంకోపాలి దిగు మావా, సూత్తాను."

అతడు లేవబోతూ గుప్పిళ్ల నిండా ఇసుక తీసుకున్నాడు. మలిసంజ వెలుగులో అది మంచులా తెల్లగా ఉంది. కాని వెచ్చగా ఉంది.